గోడ వెంబడి డబ్బాల వేట: హాడ్రియన్స్ వాల్ పాత్ మీద జియోక్యాషింగ్, నా రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తా, అయిదుకి మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో తెలియాలంటే కింద దాకా చదవాల్సిందే, కొంచెం పొడుగే ఉంటది, ఆరు రోజుల నడక మరి.

మా తమ్ముడు న్యూకాసిల్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, నేను లీడ్స్‌లో ఉద్యోగం. మే ఆఖర్లో బ్యాంక్ హాలిడేకి నాలుగు రోజులు లీవు కలిపి హాడ్రియన్ గోడ (ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన పాత రాతి గోడ) వెంబడి మొత్తం నడుద్దాం అనుకున్నాం. తూర్పున వాల్సెండ్ నుంచి పడమర బోనెస్ ఆన్ సాల్వే దాకా 84 మైళ్ళు, అంటే 135 కిలోమీటర్లు, ఇంగ్లండ్‌ని అడ్డంగా ఈ తీరం నుంచి ఆ తీరానికి దాటేయడమే. 2003 నుంచి ఇది నేషనల్ ట్రైల్, గుర్తులు బాగుంటాయి, దారి తప్పడం చాలా కష్టం (మేం తప్పాం, అది వేరే సంగతి). "ఊరికే నడిస్తే ఏం మజా ఉంటది అక్కా, జియోక్యాషింగ్ చేసుకుంటూ పోదాం" అన్నాడు వాడు. నాకు అప్పటికి దాని గురించి పేరు వినడం తప్ప ఏం తెలీదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎవరో ఒకరు ఒక డబ్బా (దీన్నే క్యాష్ అంటారు) ఎక్కడో దాచి దాని జీపీఎస్ కోఆర్డినేట్లు సైట్‌లో పెడతారు, మనం ఫోన్ పట్టుకుని వెళ్ళి వెతికి లోపల ఉన్న కాగితం మీద పేరు, తేదీ రాసి డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేయాలి, యాప్‌లో కూడా లాగ్ వేయాలి, అంతే. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌ని మామూలు జనానికి కావాలని చెడగొట్టి ఇచ్చే పద్ధతి ఆపేసింది, అప్పటిదాకా వంద మీటర్ల దాకా తేడా వచ్చేది కాస్తా ఒక్క రాత్రిలో పది, ఇరవై మీటర్లకి వచ్చేసింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో అడవి పక్కన ఒక బకెట్ పెట్టి, వచ్చి వెతుక్కోండి అని ఇంటర్నెట్‌లో పోస్ట్ చేసాడు. ఆట అక్కడ మొదలైంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో జియోక్యాషింగ్ డాట్ కామ్ వచ్చింది.

అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్తే అయిదు సెకన్లు మాట్లాడలేదు, తర్వాత "అయితే లంకెబిందెల కోసం తవ్వుతున్నారన్నమాట, అక్కడ పోలీసులు ఉండరా" అంది. మన పేపర్లలో గుప్తనిధుల ముఠా అరెస్ట్ అని వస్తాయి కదా, ఆవిడ దృష్టిలో మేం అదే. తవ్వడం ఉండదమ్మా, పాతిపెట్టడం మామూలుగా రూల్స్‌కే విరుద్ధం అని చెప్పినా నమ్మలేదు. నిజానికి ఈ గోడ దగ్గర అది ఇంకా ముఖ్యం, 1987 నుంచి యునెస్కో వారసత్వ స్థలం, గోడ రాళ్ళు కదిలించకూడదు, గోడ ఎక్కకూడదు, అందుకే డబ్బాలన్నీ గోడకి దూరంగా కంచె స్తంభాల దగ్గర, చెట్ల మొదళ్ళలో, గేట్ల వెనకాల ఉంటాయి. జీపీఎస్ బాణం మిమ్మల్ని రోమన్ గోడలోకి చేయి పెట్టమంటుంటే అది ఫోన్ తప్పు, చేయి పెట్టకండి.

మొదటి రోజు వాల్సెండ్‌లో మెట్రో దిగగానే బోర్డులు లాటిన్‌లో కూడా ఉంటాయి, పొగ తాగకూడదు అన్నది కూడా లాటిన్‌లోనే, నవ్వొచ్చింది. పక్కనే సెగెడూనం అనే రోమన్ కోట, అక్కడ నడక పాస్‌పోర్ట్‌లో మొదటి స్టాంపు వేయించుకున్నాం. ఇది జియోక్యాషింగ్‌కి సంబంధం లేని వేరే సరదా, మే నుంచి అక్టోబర్ దాకా దారిలో ఒక్కో చోట ఒక్కో స్టాంపు వేసుకుంటూ పోవడం. ఒక రకంగా డబ్బాల ఆటకి ఇదే పోటీ, స్టాంపు మాత్రం ఎప్పుడూ పెట్టిన చోటే ఉంటది.

న్యూకాసిల్ ఊళ్ళో టైన్ నది ఒడ్డున వంతెనల కింద నుంచి పోతుంది దారి. ఇక్కడ క్యాష్‌లన్నీ నానోలు, అంటే మీ చిటికెన వేలి గోరంత అయస్కాంతం బిళ్ళలు, ఏ రెయిలింగ్ కిందో అతుక్కుని ఉంటాయి. ఈ ఆట తెలియని జనాన్ని మగుల్స్ అంటారు, వాళ్ళు చూడకుండా తీయాలి. శనివారం మధ్యాహ్నం ఆ ఒడ్డంతా జనం, ఇద్దరు ఇండియన్లు రెయిలింగ్ కింద తడుముతూ పావుగంట నిలబడితే ఎలా ఉంటదో ఊహించుకోండి. ఒక పెద్దాయన ఆగి, ఏదైనా పోగొట్టుకున్నారా అని పాపం తను కూడా వెతకడం మొదలెట్టాడు. మా వాడు ఉంగరం అని అబద్ధం చెప్పాడు, దాంతో ఆయన ఇంకా శ్రద్ధగా వెతికాడు, నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అబద్ధం చెప్పకండి, ఆట ఆడుతున్నాం అని చెప్పేయండి. పైగా 2011లో మా లీడ్స్ దగ్గర వెదర్‌బీలో ఒక క్యాష్ డబ్బాని బాంబు అనుకుని ఆర్మీ వాళ్ళు వచ్చి పేల్చేసారు, అందుకే ఊళ్ళల్లో దొంగచూపులు చూస్తూ తిరగడం అంత మంచిది కాదు. మొదటి రోజు 24 కిలోమీటర్లు, ఎనిమిది దొరికాయి, రెండు దొరకలేదు.

రెండో రోజు గురించి మాత్రం నాకు కోపం ఉంది. హెడ్డన్ నుంచి చాలర్‌ఫర్డ్ దాకా దారి చాలా వరకు మిలిటరీ రోడ్ పక్కనే పోతుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన 1745 తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని అటూ ఇటూ తిప్పడానికి వేసిన రోడ్డు, దానికి రాళ్ళు ఎక్కడివి అంటే ఈ గోడవే, కొట్టి పరిచేసారు. అంచేత అక్కడ చూడ్డానికి గోడ పెద్దగా లేదు, పొలాలు, గొర్రెలు, పక్కన సర్రుమని పోయే కార్లు. సరిగ్గా అలాంటి చోటే వరసగా డబ్బాలు. రెండు క్యాష్‌ల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని రూల్, కొంతమంది ఆ రూల్ ఎంతవరకు ఒప్పుకుంటే అంత దగ్గరగా పెట్టుకుంటూ పోతారు. అన్నీ ఒకటే రకం, పాత కెమెరా ఫిల్మ్ డబ్బీ, లోపల తడిసి ముద్దైన కాగితం, గేటు స్తంభం వెనకాల. ఒకటి దొరికింది, సంబరం. రెండు, మూడు, సరే. తొమ్మిదో దానికి వచ్చేసరికి నేను చుట్టూ చూడ్డం మానేసాను, ఫోన్‌లో బాణం ఎటుంటే అటు పోతున్నా. ఒక్కోదానికి పన్నెండు, పదమూడు నిమిషాలు పడుతుంది సగటున, పదిహేడు దొరికాయి, నాలుగు దొరకలేదు, లెక్క కట్టుకోండి, నాలుగు గంటల పైన స్తంభాల వెనకాల వంగోడానికే పోయింది. మేం దిగిన చోటికి చేరేసరికి రాత్రి తొమ్మిది, ఇంకా వెలుతురు ఉంది గానీ కిచెన్ ఎనిమిదింటికే కట్టేసారట. చిప్స్ ప్యాకెట్, బ్యాగులో ఉన్న వేరుశనగ చిక్కీ, అదీ డిన్నర్. తమ్ముడు మాత్రం "పదిహేడక్కా, ఒక్క రోజులో" అని మురిసిపోతున్నాడు, వాడి మొహం మీద చిక్కీ ప్యాకెట్ విసిరేసాను.

అసలు ఒకటిన్నర మార్కులు పోయింది ఇక్కడే. ఈ లెక్కల పిచ్చి ఎక్కితే నడక మట్టికొట్టుకుపోతుంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని గొడవపడి ఒక ఒప్పందానికి వచ్చాం, రేపట్నుంచి రోజుకి అయిదుకి మించి వెతకొద్దు, అది కూడా ఫేవరెట్ పాయింట్లు ఎక్కువ ఉన్నవే. ప్రీమియం మెంబర్లు పది క్యాష్‌లు దొరికితే ఒక పాయింట్ చొప్పున తమకి బాగా నచ్చినవాటికి ఇస్తారు, కాబట్టి యాభై, అరవై పాయింట్లు ఉన్న క్యాష్ అంటే అక్కడ ఏదో విషయం ఉందన్నమాటే. ఈ ఒక్క ఫిల్టర్ పెట్టుకోవడం మా ట్రిప్‌ని కాపాడింది.

మూడో రోజు నుంచి ఇక వేరే లోకం. గోడ గుట్టల మీదకి ఎక్కుతుంది, ఎడమ వైపు మెత్తగా జారే పచ్చిక, కుడి వైపు నిలువునా నల్ల కొండచరియ, కింద క్రాగ్ లాఫ్ చెరువు. హౌస్‌స్టెడ్స్ కోటలో రోమన్ సైనికుల సామూహిక మరుగుదొడ్లు చూసి తమ్ముడు అరగంట ఫోటోలు తీసాడు, దాని గురించి ఇంతకంటే రాయను. కోట దాటగానే చిన్న తోపులో గోడ పైన నడవొచ్చు, మొత్తం దారిలో అలా అనుమతి ఉన్నది ఆ ముక్క ఒక్కటే.

ఆ గుట్టల దగ్గర మేం చేసిన ఎర్త్‌క్యాష్ ఒక్కటి చాలు, ఈ ఆటకి నేను మూడు మార్కులు ఇవ్వడానికి. ఎర్త్‌క్యాష్ అంటే డబ్బా ఉండదు, అక్కడికి వెళ్ళి రాయినో నేలనో చూసి వాళ్ళు అడిగిన ప్రశ్నలకి జవాబులు రాసి ఆ పేజీ పెట్టినాయనకి మెసేజ్ పంపాలి. రాయి ఏం రంగు, పగుళ్ళు అడ్డంగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా, ఒక స్తంభం వెడల్పు మీ చేత్తో ఎన్ని జానలు, ఉత్తరం వైపే చరియ ఎందుకుంది, ఇవీ ప్రశ్నలు. మేం బ్యాగులు పడేసి జానలతో కొలుస్తూ కూర్చున్నాం. సంగతేంటంటే దీన్ని విన్ సిల్ అంటారు, దాదాపు 29 కోట్ల ఏళ్ళ కింద భూమి లోపల సున్నపురాయి పొరల మధ్యకి కరిగిన రాయి దోసెపిండిలా పరుచుకుని అక్కడే చల్లారింది, చల్లారేటప్పుడు కుంచించుకుని నిలువు పగుళ్ళు పడ్డాయి. తర్వాత పొర మొత్తం దక్షిణానికి వాలింది, పైనున్నదంతా అరిగిపోయి గట్టి అంచు ఉత్తరం వైపు నిలబడింది. క్రీ.శ. 122లో హాడ్రియన్ చక్రవర్తి వచ్చి గోడ కట్టమన్నప్పుడు రోమన్ ఇంజినీర్లు ఆ అంచు మీదే కట్టేసారు, సగం పని భూమే చేసిపెట్టింది. ఇదంతా అక్కడ నిలబడి, చేయి ఆ చల్లటి రాయి మీద పెట్టి అర్థం చేసుకోవడం వేరు. ఆ ప్రశ్నలు లేకపోతే నేను సెల్ఫీ తీసుకుని ముందుకి పోయేదాన్ని, ఖచ్చితంగా. జవాబులు పంపిన మర్నాడు ఆయన తిరిగి మెసేజ్ పెట్టాడు, రంగు సరిగ్గానే రాసారు కానీ తాజాగా విరిగిన చోట చూస్తే ఇంకా ముదురుగా ఉంటది అని. డబ్బు తీసుకోకుండా ఇంత ఓపికగా పేపర్ దిద్దే మనుషులున్నారు!

సికమోర్ గ్యాప్ దగ్గర ఆగాం, రెండు గుట్టల మధ్య గోడ పక్కన ఒంటరిగా నిలబడిన పేరున్న చెట్టు ఉండే చోటు అది. 2023 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఆ చెట్టుని రంపంతో కోసేసారు కదా, ఇప్పుడు చుట్టూ కంచె, లోపల మోడు, మోడుకి చిన్న చిన్న చిగుళ్ళు. అందరూ అక్కడికి రాగానే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆ చుట్టుపక్కల ఏం వెతకబుద్ధి కాలేదు, ఊరికే టీ తాగి లేచాం.

మర్నాడు కొంచెం పక్కకి వెళ్ళి విండొలాండా అనే రోమన్ కోట కూడా చూసొచ్చాం, దారి నుంచి దక్షిణంగా రెండు కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటది, మళ్ళీ ఎప్పుడు వస్తాంలే అని. 1973లో అక్కడ తవ్వకాల్లో చెక్కపలకల మీద సిరాతో రాసిన రోమన్ ఉత్తరాలు దొరికాయి. క్లాడియా సెవెరా అనే ఆవిడ స్నేహితురాలిని తన పుట్టినరోజుకి పిలిచిన ఉత్తరం ఒకటి, ఎవరో సైనికుడికి సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు జతల లోదుస్తులు పంపిస్తున్నాం అని ఇంకోటి. పొద్దున్నుంచి వాన, నా సాక్సులు పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చేట్టున్నాయి, ఆ ఉత్తరం చదివి రెండు వేల ఏళ్ళ నాటి ఆ మనిషి మీద అసూయ పుట్టింది నాకు.

ఆ నాలుగో రోజే విన్‌షీల్డ్స్ కూడా ఎక్కాం, 345 మీటర్లు, దారి మొత్తానికి ఎత్తైన చోటు. అక్కడికి కొంత దూరంలో ఒక క్యాష్ హింట్ ఏంటో తెలుసా, "రాయి కింద". హింట్‌ని అక్షరాలు పదమూడు స్థానాలు జరిపి గజిబిజిగా రాస్తారు, నొక్కితే విప్పి చూపిస్తుంది, అంత సస్పెన్స్ పెట్టి రాయి కింద అంట! కొన్ని వేల రాళ్ళున్న గుట్ట మీద. తిరుమల కొండ మీద గుండు చేయించుకున్న మనిషిని వెతకమన్నట్టు ఉంది. నలభై నిమిషాలు వానలో వెతికి దొరకలేదు, డీఎన్‌ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్, అంటే దొరకలేదు) అని లాగ్ వేసాం. దొరక్కపోతే సిగ్గుపడకుండా ఆ లాగ్ వేయండి, ఎందుకంటే వెనకొచ్చేవాళ్ళకి అదే ఉపయోగం, వరసగా మూడు డీఎన్‌ఎఫ్‌లు కనిపిస్తే ఆ డబ్బా పోయినట్టే, మీరు ఆగకుండా నడవొచ్చు. మేం ఆ పాత లాగ్‌లు చదవకుండా దిగాం, అందుకే తడిసాం.

నాకు బాగా ఇష్టమైన డబ్బా వాల్‌టౌన్ వైపు ఎక్కడో దొరికింది, సరిగ్గా ఎక్కడో చెప్పను, స్పాయిలర్ అవుతుంది. ఇది పెద్దది, టిఫిన్ డబ్బా సైజు, మూత బిగుతు, లోపల పొడిగా ఉంది, చిన్న నోట్‌బుక్, కీచైన్లు, గోళీలు, ఒక బొమ్మ డైనోసార్. ఏదైనా తీసుకుంటే అంతకి తగ్గది కాకుండా ఇంకోటి పెట్టాలి అని పద్ధతి. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు తెచ్చిన ఏటికొప్పాక లక్క బొంగరాలు రెండు నా దగ్గర ఉన్నాయి, ఒకటి అందులో పెట్టి డైనోసార్ తీసుకున్నా. తమ్ముడు చిక్కీ పెడతానన్నాడు, తిండి పెట్టకూడదురా, జంతువులు వాసన పట్టి డబ్బా కొరికేస్తాయి అని ఆపాను. నోట్‌బుక్‌లో తెలుగులో సంతకం పెట్టాం, ముందు పేజీల్లో జర్మన్, డచ్, చెక్ భాషల్లో రాసినవి ఉన్నాయి, తెలుగు మేమే మొదలు.

ఇక ఫోన్ల సంగతి. చాలర్‌ఫర్డ్ దాటాక మా సిమ్‌లకి చాలా చోట్ల సిగ్నల్ లేదు, కాబట్టి మ్యాపులు, క్యాష్ వివరాలు, హింట్లు రాత్రే వైఫైలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. నా ఐఫోన్‌లో అఫీషియల్ యాప్, ప్రీమియం కట్టాను, ఫ్రీ అకౌంట్‌కి కొన్ని క్యాష్‌ల వివరాలు కనపడవు. వాడు ఆండ్రాయిడ్‌లో సీజియో వాడాడు, అది ఓపెన్ సోర్స్, ఉచితం, చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటది గానీ పని చేస్తుంది. రెండిట్లో ఏదైనా ఫోన్ జీపీఎస్ కదా, అయిదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ ఉంటది, చెట్ల కింద, చరియ పక్కన ఇంకా ఎక్కువ. దగ్గరికి వచ్చాక ఫోన్ జేబులో పెట్టేసి, నేనైతే ఎక్కడ దాస్తాను అని ఆలోచించడమే. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడినవాళ్ళకి వచ్చేస్తుంది. స్క్రీన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండడం వల్ల బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది, మేం కొన్న పవర్‌బ్యాంక్ మూడో రోజు వానకే చచ్చిపోయింది, కంపెనీ పేరు వద్దులే, ఆఫర్‌లో కొంటే అంతే. రెండు పవర్‌బ్యాంకులు, అవి వేసుకోడానికి జిప్‌లాక్ కవర్లు ఉండాల్సిందే.

చేతులు జాగ్రత్త. గేట్ల పక్కన నెటిల్ అని ఒక మొక్క, మన దురదగొండి చెల్లెలు అనుకోండి, తగిలితే గంటసేపు మంట. ఇంకా దూడలున్న ఆవుల మందలో డబ్బా ఉందని చూపిస్తే వదిలేయండి, బాబూ. మేం ఒకసారి వెళ్ళబోయి తల్లి ఆవు చూసిన చూపుకి వెనక్కి నడుచుకుంటూ వచ్చేసాం, ఆ ఒక్కటీ మా లిస్టులో ఇప్పటికీ ఖాళీ.

కాళ్ళు పట్టేస్తే ఏడీ122 అనే బస్సు ఉంది, గోడ మధ్య భాగం వెంబడి తిరుగుతుంది, నంబర్ గోడ మొదలెట్టిన సంవత్సరమే, ఎవరు పెట్టారో గానీ వాళ్ళకి దండం. టైములు సీజన్‌ని బట్టి ఉంటాయి, ముందే చూసుకోండి. మేం నాలుగో రోజు ఒక్క డబ్బా కోసం ఆగి బస్సు మన కళ్ళ ముందే పోతుంటే చూస్తూ నిలబడ్డాం.

అయిదో రోజు కార్లైల్ దాకా పొలాలే, పెద్దగా చెప్పడానికి లేదు. ఆరో రోజు చదునైన నేల, ఉప్పు గడ్డి మైదానాలు, సముద్రం పోటు వస్తే రోడ్డు మునుగుతుంది, పోటు టైములు చూసుకుని బయల్దేరండి, ఇది సరదాకి చెప్పట్లేదు. దారిలో బ్రఫ్ బై సాండ్స్ అని ఊరు, రాసేది ఒకటి పలికేది ఒకటి, 1307లో ఒకటో ఎడ్వర్డ్ రాజు స్కాట్లాండ్ మీదకి వెళ్తూ ఆ పక్కనే చిత్తడి నేలలో పోయాడు, శవాన్ని కొన్నాళ్ళు అక్కడి చర్చిలోనే ఉంచారు. ఈ దేశంలో చర్చిల దగ్గర పెట్టే చర్చ్ మైక్రో అనే సిరీస్ ఉంది, చిన్న డబ్బాలే గానీ దాని పుణ్యాన ఊరి చరిత్ర పేజీలో రాసి ఉంటది, ఫిల్మ్ డబ్బీనే అయినా నేను వీటిని తిట్టను. సమాధుల మీదేం పెట్టరు, బయట గేటు దగ్గరో ఎక్కడో ఉంటాయి.

బోనెస్‌లో నీళ్ళ ఒడ్డున చిన్న చెక్క మంటపం, అదే ఆఖరు. అవతల ఒడ్డు స్కాట్లాండ్. మొత్తం 41 దొరికాయి, తొమ్మిది దొరకలేదు. ఆ 41లో నాకు ఇప్పుడు గుర్తున్నవి ఆరో ఏడో, వాటిల్లో ఒక్కటి కూడా మిలిటరీ రోడ్ మీదది కాదు. మా వాడికి ఈ వాక్యం చూపిస్తే ఒప్పుకోడు, వాడి పదిహేడు వాడికి ముద్దు.

ఎవరికి పనికొస్తుంది అంటే, నడక అంటే విసుక్కునే పిల్లలు ఉన్నవాళ్ళకి మహ బాగా పనికొస్తుంది, మధ్య మూడు రోజుల భాగం మాత్రమే తీసుకోండి. ఒంటరిగా ప్రశాంతంగా నడవాలనుకునేవాళ్ళకి రోజుకి ఒక ఎర్త్‌క్యాష్ చాలు. రోజుకి ముప్ఫై కిలోమీటర్లు కొట్టేవాళ్ళు దీని జోలికి రావద్దు, ఇద్దరిలో ఒకరికి లెక్కల పిచ్చి ఉంటే మాత్రం బయల్దేరేముందే ఒప్పందం రాసుకోండి. పెన్ను రెండు పట్టుకెళ్ళండి, తడి కాగితం మీద జెల్ పెన్ను రాయదు, పెన్సిల్ బెస్టు. ట్వీజర్లు కూడా, నానోలో చుట్టిన కాగితం వేళ్ళతో బయటికి రాదు, కనుబొమ్మలకి వాడేవి సరిపోతాయి, నావి న్యూకాసిల్‌లో ఏదో రెయిలింగ్ సందులో పడిపోయాయి, దొరికితే మీరే ఉంచుకోండి.